మరుపుకి మందు లేదు సరే, చాకిరీకి జీతం కూడా లేదా?

డిమెన్షియా ఉన్న ముసలివాళ్లని ఇంటింటికీ తిరిగి గుర్తించి, వాళ్లని చూసుకునేవాళ్లకి తోడ్పడేలా ఆశా వర్కర్లకి శిక్షణ ఇవ్వాలని ఇప్పుడు డాక్టర్లు, స్వచ్ఛంద సంస్థలు, యూనివర్సిటీల వాళ్లు అందరూ అంటున్నారు. మంచి మాటే. కాదనేవాళ్లు ఎక్కడా కనపడరు. సరిగ్గా అందుకే నాకు అనుమానం. ఆడవాళ్ల చేత చేయించాల్సిన పని గురించి అందరూ ఇంత తొందరగా ఒక్కమాట మీదికి వచ్చారంటే, ఆ పనికి అయ్యే ఖర్చు ఎవరూ లెక్క కట్టలేదనే అర్థం.

ఆ మధ్య ఇలాంటి శిక్షణ కోసం తయారుచేసిన ఒక తెలుగు పుస్తకం చిత్తుప్రతి నా దగ్గరికి వచ్చింది. సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని కదా, భాష సరిచూడమన్నారు. పుస్తకం నిండా 'సంరక్షకుడు' అనే మాట. సంరక్షకుడు ఓపిక వహించవలెను, సంరక్షకుడు తగినంత నిద్ర పోవలెను, సంరక్షకుడు తన ఆరోగ్యమును నిర్లక్ష్యము చేయరాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క సంరక్షకురాలు లేదు. బొమ్మల్లో మాత్రం అన్నం తినిపించేది, తల దువ్వేది, మంచం మీద గుడ్డలు మార్చేది అందరూ చీరలు కట్టుకున్నవాళ్లే. మాట మార్చమని రాసి పంపాను. "పుంలింగం అందరికీ వర్తిస్తుంది మేడం, అది వ్యాకరణం" అని జవాబొచ్చింది. వ్యాకరణం అందరికీ వర్తిస్తుంది గానీ, ఎత్తిపోయాల్సిన మలమూత్రాలు మాత్రం ఆడవాళ్లకే వర్తిస్తాయి.

ఇది మాటల గురించిన పేచీ అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కానీ పని చేసేదెవరో పుస్తకమే దాచిపెడితే, ఆ పుస్తకంతో శిక్షణ పొందిన ఆశా వర్కరు ఎవరి కోసం వెతుకుతుంది?

ముందు లెక్కలు చూద్దాం. దేశవ్యాప్తంగా వృద్ధుల మీద జరిగే లాసీ సర్వేలో భాగంగా డిమెన్షియా మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది ఈ జబ్బుతో ఉన్నారని తేల్చారు. మగవాళ్లలో 5.8 శాతం అయితే ఆడవాళ్లలో 9 శాతం. పట్నాల్లో 5.3 అయితే పల్లెల్లో 8.4. అంటే ఈ జబ్బు మోస్తున్నవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని ముసలి ఆడవాళ్లు. వాళ్లని మోస్తున్నదీ ఆడవాళ్లే. ఇప్పుడు వాళ్లిద్దరినీ చూడమని పంపబోతున్నదీ ఆడమనిషినే.

ఎందుకు ఆడవాళ్లకి ఎక్కువ? ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి అని తేల్చేస్తారు. అదొక్కటే కాదు. డిమెన్షియాకి దారితీసే కారణాల్లో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. అందులో ఒకటి చిన్నతనంలో చదువు లేకపోవడం. 2011 జనాభా లెక్కల్లో కూడా కర్నూలు జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత సగానికి చేరలేదు. ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసున్నవాళ్ల చిన్నతనం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మానిపించిన పిల్ల, పత్తి ఏరడానికి పంపిన పిల్ల, పన్నెండేళ్లకే మెడలో తాళి పడిన పిల్ల ముసలిదై తన ఇల్లు ఎక్కడో మర్చిపోతుంది. అప్పుడు దాన్ని 'వయసుతో వచ్చే మామూలు సంగతి' అంటారు. ఇందులో మామూలు ఏముంది? అరవై ఏళ్ల కిందట చేసిన అన్యాయం ఇన్నాళ్లకి బయటపడుతోంది.

మాది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం పేరు చెప్పుకుని బతికిన ఊరు. మగ్గం ఎవరి పేరు మీద ఉంటే నేతగాడు ఆయనే. రాట్నం తిప్పి కండెలు చుట్టే ఆడవాళ్లు నేతగాడి ఇంటివాళ్లు. మా అవ్వ తన చివరి నాలుగేళ్లు నన్ను చూసినప్పుడల్లా "ఎవురమ్మా నువ్వు, ఎవురి పిల్లవి?" అని అడిగేది. చేతికి నూలు ఇస్తే మాత్రం తప్పు లేకుండా కండె చుట్టేది. మనుషుల పేర్లు పోయినా చేతికి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుందని డాక్టర్లు చెప్తారు. ఆ నాలుగేళ్లూ మా అమ్మ రాత్రి పూట తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది, అవ్వ లేచి వీధిలోకి పోకుండా. మా నాన్న ఇప్పటికీ అందరితో "మా అమ్మని కడదాకా బాగా చూసుకున్నాం" అంటాడు. ఆ బహువచనం గమనించండి.

ఈ బహువచనమే మన సంస్కృతి. "మన దగ్గర వృద్ధాశ్రమాల అవసరం లేదు, మన కుటుంబ వ్యవస్థ గొప్పది" అని సభల్లో చెప్పేవాళ్లకి నాదొక ప్రశ్న. ఆ వ్యవస్థ రాత్రి రెండు గంటలకి లేచి ఎవరి చేతులతో పని చేస్తుంది? 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి 289 నిమిషాలు పెడితే, అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఇంట్లో ఒక డిమెన్షియా మనిషి ఉంటే ఈ తేడా ఎంత పెరుగుతుందో మనకెవరికీ సర్వే అక్కర్లేదు.

ఇక ఆదోని చుట్టుపక్కల పల్లెల సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు వానలు ముఖం చాటేసిన ఏడాదల్లా జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకోతలకి, పత్తి తీయడానికి, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పనికి మొగుడూ పెళ్లాలు కలిసి పోతారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు. వాళ్లలో మతి తప్పినవాళ్లు ఉంటే? వాళ్లని గుడారాల్లోకి తీసుకుపోతే కొత్తచోట ఇంకా బెదిరిపోతారు, దోవ తప్పిపోతారు. ఊళ్లో వదిలితే పొయ్యి మీద ఏం పెట్టారో మర్చిపోతారు. కాబట్టి ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆడపిల్లే. బడి మానేసిన కారణం అడిగితే 'ఇంటి పని' అని రాసుకుంటారు. అరవై ఏళ్ల కిందట అవ్వని బడి మానిపించిన ఊరు ఇప్పుడు ఆ అవ్వ కోసం మనవరాలిని మానిపిస్తోంది. ఈ పిల్ల ముసలితనం ఎలా ఉంటుందో లాన్సెట్ ముందే చెప్పింది.

ఈ ఇళ్లలోకి వెళ్లేది ఆశా వర్కరు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశాని ప్రభుత్వం మొదటి నుంచీ ఉద్యోగి అనలేదు, స్వచ్ఛంద కార్యకర్త అంది. మన రాష్ట్రంలో 2019లో ఆమె నెల మొత్తాన్ని 10,000 రూపాయలకి పెంచారు. దానికి జీతం అని పేరు పెట్టలేదు, గౌరవ వేతనం అన్నారు. గర్భిణీలు, టీకాలు, క్షయ, బీపీ, షుగరు, ఫోన్లో ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఆ గౌరవంలోనే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకి అంతర్జాతీయ అవార్డు ఇచ్చినప్పుడు నాయకులందరూ అభినందించారు. అవార్డుతో అద్దె కట్టలేం కదా.

డిమెన్షియా పని ఆశా చేతిలోకి ఇప్పటికే ఒక రూపంలో వచ్చింది. ముప్ఫై దాటినవాళ్లందరికీ ఆమె నింపే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవాళ్ల కోసం కొన్ని ప్రశ్నలున్నాయి. అందులో ఒకటి, మీకు దగ్గరివాళ్ల పేర్లు గానీ మీ సొంత ఇంటి చిరునామా గానీ మర్చిపోతున్నారా అని. మర్చిపోయే మనిషినే మర్చిపోతున్నావా అని అడగడం ఈ ప్రశ్నలోని మొదటి వింత. రెండోది చిరునామా. ఇంటి నంబరుతో బతికే పల్లె ఏది? పెద్దకడబూరు వైపు ఒక ఆశా వర్కరు నాతో అన్న మాటలు ఇవి: "మర్సిపోతావా అవ్వా అని అడిగితే లేదు అనె. నేను లేదు అని రాసుకుంటి. బయటికొస్తే కోడలు, పొద్దున్నించి మూడుసార్లు అన్నం తిని తినలేదని ఊరంతా చెప్తాంది మేడం అనె. అది రాసేదానికి ఫారంలో గడి యాడుంది?"

పేరు మర్చిపోవడం అనగానే నాకు పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ గుర్తొస్తుంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! దాన్ని ప్రతీకగానే చెప్తాం. కానీ మా ప్రాంతంలో నేను చూసిన ముసలమ్మల్లో చాలామందిని యాభై ఏళ్లుగా ఫలానా వాళ్ల అమ్మ అనో, ఫలానా వాళ్ల పెద్దకోడలు అనో తప్ప సొంత పేరుతో పిలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి 'నీ పేరేంది' అంటే తడబడితే జబ్బు ఎంత, జీవితం ఎంత? ఆ తేడా పట్టుకోవాలంటే ఫారం చాలదు. ఆమె నిన్న ఏం చేయగలిగేది, ఇవాళ ఏం చేయలేకపోతోంది అని తెలిసిన మనిషి కావాలి. ఏ నెల, ఏ తారీఖు అని అడిగితే క్యాలెండరు చూడనివాళ్లు ఏం చెప్తారు? సంత ఏ వారమో, ఉరుకుంద ఈరన్న జాతర ఏ మాసంలో వస్తుందో, పత్తి తీసేది ఎప్పుడో అడగాలి. అదీ ఆదోనిలో తెలుగులోనే అడిగితే చాలదు. కన్నడంలో, ఉర్దూలో బతికిన ముసలివాళ్లు ఉన్నారు. ఈ జబ్బు ముదిరితే తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి, అమ్మ దగ్గర నేర్చిన భాష మిగలడం చాలామందిలో చూస్తాం.

ఇంకొక సంగతి. ఈ జబ్బులో అనుమానం తరచుగా కనపడే లక్షణం. దాచుకున్నది ఎక్కడ పెట్టారో మర్చిపోయి ఎవరో దొంగిలించారని నమ్ముతారు. ఆ ఎవరో ఎవరు? ఎదురుగా రోజంతా ఉండేది కోడలే. "నా నగలు తీసింది, నాకు అన్నం పెట్టదు, విషం కలుపుతాంది." ఊరు దీన్ని జబ్బుగా వినదు, అత్తాకోడళ్ల పోరుగా వింటుంది. కొడుకు పని నుంచి వచ్చి తల్లి మాట నమ్మి పెళ్లాం మీద చెయ్యి చేసుకుంటాడు. లేదంటే ముసలిదాని మీదే చేసుకుంటాడు. మన కథల్లో చాదస్తపు అత్త, గయ్యాళి అత్త ఎంతమంది! వాళ్లలో ఎంతమందికి వైద్యం అవసరమో మనం ఎప్పుడైనా ఆలోచించామా? 'చాదస్తం' అనే మాట ఎన్ని జబ్బుల్ని, ఎన్ని దుఃఖాల్ని కప్పేసిందో మన విమర్శ లెక్క తీయాలి. ఒక ఆశా వర్కరు ఆ ఇంటి గడప మీద కూర్చుని 'ఇది ఆమె స్వభావం కాదు, జబ్బు' అని కొడుకు మొహం చూసి చెప్పగలిగితే ఒక ఆడమనిషికి దెబ్బలు తప్పుతాయి. శిక్షణ కావాలని నేను అనేది ఇందుకు.

అవును, శిక్షణ పని చేస్తుంది. 2002లో కేరళలో డాక్టర్ కె.ఎస్. షాజీ బృందం స్థానిక ఆరోగ్య కార్యకర్తలకి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి చూస్తే, వాళ్లు అనుమానించినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి నిజంగానే డిమెన్షియా ఉందని తేలింది. గోవాలో 81 కుటుంబాలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వచ్చాయి. డాక్టర్లు కాని, స్థానిక భాష తెలిసిన మామూలు మనుషులకి వారం రోజులు నేర్పించి, కనీసం రెండు వారాలకొకసారి ఇళ్లకి పంపారు. జబ్బు మనిషి పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కానీ చూసుకునేవాళ్ల మనసు మీద భారం తగ్గింది. ఎవరో వచ్చి కూర్చుని, విని, ఇలా చేసి చూడమని చెప్పడం వల్లనే తగ్గింది.

అయితే గోవా నుంచి మనవాళ్లు 'వారం శిక్షణ చాలు' అనే మాట ఒక్కటే పట్టుకొస్తారు. అక్కడ ఆ మనుషులకి అదే పని. వెనకాల మానసిక వైద్యుడు ఉన్నాడు, ఎప్పటికప్పుడు వాళ్లతో మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఇక్కడ కోసిగి ఆశా వెనకాల ఎవరున్నారు? ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. బస్సులో వాంతి చేసుకుని, దిగిపోతానని అరిచే ముసలమ్మని తీసుకుని కోడలు ఒక రోజు కూలి వదులుకుని వెళ్లాలి. థైరాయిడ్ తేడా, బి12 లోపం, డిప్రెషన్ వల్ల వచ్చే మతిమరుపుకి వైద్యం ఉంది. రక్తపరీక్ష చేస్తే గానీ, డాక్టరు చూస్తే గానీ తెలియదు. ఆ పరీక్షలకి, డాక్టరుకి దోవ చూపించకుండా గుర్తించమని మాత్రం చెప్తే, ఆశా ఇంటింటికీ ఒక భయంకరమైన పేరు మోసుకుపోయి ఇచ్చి వస్తుందంతే.

పింఛను చూడండి. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 చేసి, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. కానీ మతి తప్పి రోజంతా తిరిగే మనిషి మంచాన పడలేదు కదా! ఆమె నడుస్తుంది కాబట్టే ఇంకొక మనిషి పనీపాటా మాని ఆమె వెనకాల నడవాలి. ఆ రెండో మనిషి ప్రభుత్వానికి కనపడదు.

కుటుంబమే లేనివాళ్లు ఇంకా కనపడరు. మా పశ్చిమ కర్నూలులో దేవుడి పేరు మీద బసివిరాళ్లుగా వదిలేసిన ఆడవాళ్లు ముసలివాళ్లయ్యారు. 1988లో చట్టం వచ్చింది, ఆచారం నిషేధించింది. అప్పటికే వదిలేసినవాళ్ల ముసలితనం గురించి ఆ చట్టం ఏం చేసింది? కొడుకు, కోడలు ఉన్న ఇంటిని ఊహించుకుని రాసిన శిక్షణ పుస్తకంలో వీళ్ల గుడిసెకి దారి లేదు. వీళ్లకి ఉన్నది ఒకరికొకరు, పక్కింటి ఆడవాళ్లు. ఆ పక్కింటి మనిషిని కూడా సంరక్షకురాలిగా గుర్తించే పుస్తకం కావాలి.

మనలోనే కొంతమంది మిత్రులు ఇంకో మాట అంటారు. ఆశాల నెత్తిన ఇప్పటికే బరువు ఎక్కువ, కొత్త పని ఒప్పుకోవద్దు, ప్రభుత్వం నర్సుల్ని వేయాలి అని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నర్సులు వచ్చేదాకా చాప వేసుకుని తలుపుకి అడ్డంగా పడుకున్న ఆడమనిషికి ఏం చెప్దాం? ఆశాకి ఈ పని వద్దు అనడం కంటే, ఈ పనికి ఇంత ఇవ్వాలి అని అడగడం ఇద్దరికీ మేలు. ఇల్లాలి పనికి విలువ కట్టమని ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నవాళ్లం, ముసలివాళ్ల దగ్గర చేసే చాకిరీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోయాం? వంటింటి మీద, ప్రసవం మీద, పిల్లల పెంపకం మీద మనకి ఎంతో సాహిత్యం ఉంది. అత్తగారి మంచం పక్క గడిచిన ఏళ్ల మీద ఎంత ఉంది? త్యాగం అని మనం కూడా గౌరవించి తప్పుకున్నామేమో.

కాబట్టి ఈ శిక్షణ గురించి మాట్లాడే ప్రతి సమావేశంలో మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. శిక్షణ రోజులకి కూలి ఇవ్వాలి. తర్వాత ఇళ్లకి వెళ్లే పనికి విడిగా నెలకింత అని డబ్బు కట్టాలి, అది ఫారానికింత అనే లెక్కన ఉండకూడదు. ఎందుకంటే ఈ పనిలో విలువైన భాగం కూర్చుని వినడం, దానికి ఫారం లేదు. ఆశా వెళ్లిన ప్రతి ఇంట్లో జబ్బు మనిషితో పాటు చూసుకునే మనిషి గురించి కూడా రాసుకోవాలి. ఆమె రాత్రి నిద్రపోయిందా, ఈ నెల ఎన్ని రోజులు కూలికి పోగలిగింది, ఆమె మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా, ఇంట్లో ఏ పిల్ల అయినా బడి మానేసిందా. ఆదోని ఏరియా ఆసుపత్రిలో నెలలో నిర్ణయించిన రోజున మానసిక వైద్యులు కూర్చోవాలి. పగటిపూట ముసలివాళ్లని కొన్ని గంటలు ఉంచుకునే చోటు మండలానికి ఒకటైనా కావాలి, అక్కడ పనిచేసేవాళ్లకి జీతం ఉండాలి. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టిన జిల్లా ఇది, ముసలివాళ్ల కోసం ఆలోచించలేదా? ఇంట్లో మగవాళ్లు ఉన్నప్పుడే ఒకసారైనా ఆశా వెళ్లాలి, స్నానం చేయించడం, గుడ్డలు మార్చడం, తినిపించడం కొడుకుకి చేసి చూపించాలి. ఆ పని ఆడదాని చేతికే ఎందుకు వచ్చో వైద్యశాస్త్రంలో కారణం లేదు.

ఆ చిత్తుప్రతిలో 'సంరక్షకుడు' అని ఉన్న ప్రతిచోటా నేను 'చూసుకునే మనిషి' అని మార్చి తిరిగి పంపాను. అచ్చులో ఏం వస్తుందో చూడాలి. మాట మారితే జీతం రాదని నాకు తెలుసు. కానీ ఆ పని ఎవరు చేస్తున్నారో ఒప్పుకోని ప్రభుత్వం ఆమెకి జీతం ఇస్తుందని కూడా నేను నమ్మను. మనం రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం. మన ఊళ్లలో ఈ శిక్షణలు మొదలయ్యేటప్పుడు ఆ పుస్తకాలు తెప్పించుకుని చదువుదాం. డబ్బు లెక్క ఏ పేజీలో ఉందో అడుగుదాం.